ఆకుని కప్పుతో కొలవద్దు

పుదీనా పచ్చడి రెసిపీలో "పుదీనా ఒక కప్పు" అని రాసి ఉందంటే రాసినవాళ్లు మనకి కొలత చెప్పనట్టే లెక్క. ఎండుమిర్చి ఎన్ని, చింతపండు ఎంత, మినప్పప్పు ఎన్ని చెంచాలు, ఇవన్నీ జాగ్రత్తగా రాస్తారు. అసలు పచ్చడి దేనితో అవుతుందో ఆ ఆకు దగ్గరికి వచ్చేసరికి ఒక కప్పు అనేసి ఊరుకుంటారు. ఈ మధ్య ఇంకో అలవాటు కూడా వచ్చింది. "100 గ్రాముల కొత్తిమీర ఎన్ని కప్పులు" అని ఫోన్లో వెతకడం, ఎక్కడో ఒక పట్టికలో ఒక అంకె దొరకడం, దాన్ని నమ్మి పొయ్యి వెలిగించడం. పచ్చి ఆకుకి అలాంటి ఒకే ఒక్క అంకె లేదు, ఉండే వీలు కూడా లేదు అన్నది నా వాదన. ఆకే వంటకి ఆధారం అయిన చోట గ్రాముల్లో తూచి రాయాలి, ఆకు వాసన కోసం పడే చోట రెమ్మలు, గుప్పెళ్లు చాలు. కప్పుని బియ్యానికీ పప్పుకీ వదిలేయాలి.

ఇది ఎవరి వంటింట్లో వాళ్లు చూసుకోగలిగిన విషయమే. ఒక కట్ట పుదీనా ఒలిచి, ఆకుల్ని వదులుగా కప్పులోకి రాల్చండి. నిండిపోతుంది. అరచేత్తో మెల్లగా అదమండి, బాగా కిందికి దిగుతుంది, ఇంకో గుప్పెడు ఆకు పడుతుంది. గట్టిగా కుక్కితే మళ్లీ చోటు వస్తుంది. ఆ ఆకునంతా బయటికి తీసి సన్నగా తరిగి మళ్లీ వేస్తే అది ఇంకో కొలత. ఇన్నిసార్లూ మీరు చెప్పేది "ఒక కప్పు" అనే. బరువు మాత్రం మొదటిదానికీ చివరిదానికీ రెండు మూడు రెట్లు తేడా వస్తుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే.

నా మాట మీద నమ్మకం లేకపోతే అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ల ఆహార పట్టికలు చూడండి, ప్రపంచంలో చాలామంది పోషకాల లెక్కలకి వాడేవి అవే. అందులో పచ్చి కొత్తిమీర పావు కప్పు 4 గ్రాములు, అంటే కప్పుకి 16. కొత్తిమీర కుటుంబానికే చెందిన, చూడటానికి కూడా దాదాపు అలాగే ఉండే పార్స్‌లీ తరిగినది అయితే కప్పుకి 60 గ్రాములు. ఆకు మందంలో తేడా వల్ల నాలుగు రెట్లు రాదు కదా, ఒకటి వదులుగా వేసిన ఆకు, ఇంకోటి తరిగిన ఆకు, అందుకని వచ్చింది. పుదీనా చూస్తే ఇంకా ఆశ్చర్యం, ఒక రకం పుదీనా రెండు టేబుల్ స్పూన్లు 3 గ్రాముల పైచిలుకు అని ఉంటే, ఇంకో రకం అవే రెండు స్పూన్లు 11 గ్రాములు దాటింది. పాలకూర పచ్చిది కప్పు 30 గ్రాములు, ఉడికించినది కప్పు 180. తప్పు పట్టికది కాదు. తూచినవాళ్లు వాళ్ల ముందున్న కప్పులో ఎంత ఉందో నిజాయితీగానే రాశారు. కాకపోతే వాళ్ల కప్పు నిండిన తీరు వేరు, మన కప్పు నిండే తీరు వేరు.

దీని వెనక పెద్ద శాస్త్రం ఏమీ లేదు. పచ్చి ఆకు నీటి కంటే కాస్త తేలిక, నీళ్లలో వేస్తే తేలుతుంది, అంతే తేడా. ఆ లెక్కన 16 గ్రాముల కొత్తిమీర నిజంగా ఆక్రమించే చోటు మహా అయితే 20 మిల్లీలీటర్లు. కప్పు 240 మిల్లీలీటర్లు. మిగతా 220 ఏంటి? గాలి. బియ్యం కప్పులో కూడా గింజల మధ్య గాలి ఉంటుంది కానీ గింజలు గట్టివి, ఎవరు పోసినా దాదాపు ఒకేలా సర్దుకుంటాయి, మీరు పోసిన కప్పు బియ్యం, నేను పోసిన కప్పు బియ్యం మధ్య తేడా అన్నం పాడయ్యేంత ఉండదు. ఆకు అలా కాదు, వంగుతుంది, మడతపడుతుంది, ఒకదాని మీద ఒకటి అతుక్కుంటుంది, తడిగా ఉంటే ఒక రకంగా, ఆరితే ఇంకో రకంగా. అందుకే బియ్యానికీ పిండికీ పనికొచ్చే గ్రాములు-కప్పుల పట్టికని ఆకుకి వాడితే మనం కొలుస్తున్నది చాలావరకు గాలినే.

ఇదంతా కప్పు అనేది ఒకటే అనుకుంటే. అది కూడా ఒకటి కాదు. అమెరికా కప్పు సుమారు 240, ఆస్ట్రేలియా కప్పు 250, జపాన్ వంట కప్పు 200. మన ఇళ్లలో రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ కప్పు 180 మిల్లీలీటర్లే, ఆ సంగతి తెలియకుండానే చాలామంది దాన్ని అన్నిటికీ కొలతగా వాడుతున్నారు. టేబుల్ స్పూన్ అయినా అంతే, అమెరికాలో 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 20. మా ఇంట్లో ఒక మేనకోడలు టెక్సాస్‌లో, ఇంకో మేనకోడలు మెల్‌బోర్న్‌లో ఉంటారు. ఇద్దరూ ఒకే ఫ్యామిలీ గ్రూపులో "అత్తా, కొత్తిమీర పచ్చడి కొలతలు పెట్టవా" అని అడుగుతారు. నాలుగు టేబుల్ స్పూన్లు అని పెడితే ఒకరు 60 మిల్లీలీటర్లు వేస్తారు, ఇంకొకరు 80. పైగా అక్కడి స్టోర్‌లో దొరికే కట్ట, పటమట రైతు బజార్లో దొరికే కట్ట ఒకటి కాదు. గ్రాము మాత్రం టెక్సాస్‌లోనూ మెల్‌బోర్న్‌లోనూ బెజవాడలోనూ గ్రామే. వాళ్లకి నేను గ్రాములే పెడతాను, వాళ్లూ ఇప్పుడు అదే అడుగుతున్నారు.

"మన పెద్దవాళ్లు కాటా పెట్టి వండారా ఏంటి" అని ఈ మాట ఎత్తినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు. నిజమే, పెట్టలేదు. కానీ వాళ్లు ఆకుని సోలతో కూడా కొలవలేదు. సోల, తవ్వ, మానిక, కుంచం, ఇవన్నీ గింజల కొలతలు. మా వైపు నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. బియ్యం, కందులు, మినుములు వీటితో కొలిచేవాళ్లు, పాలూ నూనే కూడా ఇలాంటి కొలపాత్రలతోనే. కూరగాయలూ బెల్లం చింతపండూ అయితే తూకమే, వీశెలు, పలాలు. వీశె అంటే 120 తులాలు, ఇప్పటి లెక్కలో దాదాపు కిలో నాలుగు వందల గ్రాములు. 1958లో మెట్రిక్ తూకాలు రావడం మొదలై 1962కి తప్పనిసరి అయ్యాక కూడా మా అమ్మమ్మ తరం చాలాకాలం వీశెల్లోనే మాట్లాడేవాళ్లు. అంటే ఏది పోసి కొలవాలి, ఏది తూచాలి అన్న తేడా వాళ్లకి చాలా స్పష్టంగా తెలుసు. ఆకు ఈ రెండిట్లోనూ చేరలేదు, కట్టల్లో కొన్నారు, గుప్పెళ్లలో వేశారు. అదమకుండా, పొంగకుండా సోలలో ఆకుని నింపడం కుదరదని వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆకుకి కప్పు కొలత బయటి వంటల పుస్తకాల పద్ధతి చూసి మనం పట్టుకున్నదే, దానికి సంప్రదాయం అండ ఏమీ లేదు.

ఇక గుప్పెడు సంగతి. అది కూడా కొలతగా చూస్తే కచ్చితమైనది కాదు, కానీ గుప్పెడు వేసే మనిషి పక్కనే నిలబడి రుచి చూస్తుంది. పులుపు తక్కువైతే ఇంకాస్త చింతపండు, ఆకు ఎక్కువైందనిపిస్తే రెండు మిరపకాయలు. సరిదిద్దే నాలుక అక్కడే ఉన్నప్పుడు కొలత ఎంత వదులుగా ఉన్నా నడుస్తుంది. కాగితం మీద రాసిన రెసిపీకి ఆ నాలుక లేదు. మొదటిసారి వండే పాతికేళ్ల కుర్రాడికి పచ్చడి ఎలా ఉండాలో కూడా గుర్తు ఉండకపోవచ్చు, వాడికి ఉన్న ఆధారం ఆ రాసిన అంకె ఒక్కటే. దాన్నే గాలితో నింపి ఇస్తే ఎలా?

కట్ట గురించి కూడా మాట్లాడాలి, ఎందుకంటే కప్పు వద్దంటే చాలామంది "సరే, రెండు కట్టలు" అంటారు. విజయవాడలో ఏ రైతు బజారుకైనా వెళ్లి చూడండి. ఉండవల్లి, పెనుమాక వైపు నుంచి పొద్దున్నే వచ్చిన కొత్తిమీర చలికాలంలో చేతికి నిండుగా ఉంటుంది, కట్ట పట్టుకుంటేనే బరువు తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో అదే ధరకి, ఒక్కోసారి రెట్టింపు ధరకి, సన్నటి కట్ట వస్తుంది, ఎండకి కొత్తిమీర తొందరగా పూతకి వచ్చేస్తుంది కాబట్టి ఆకు తక్కువ, కాడ ఎక్కువ. కొన్ని కట్టలు వేళ్లతో, మట్టితో ఉంటాయి, కొన్ని కోసినవి. పుదీనా అయితే కట్టలో సగానికి సగం కాడలే అనిపిస్తుంది, ముదురు కాడ పచ్చడిలో పడితే పీచు పీచుగా తగులుతుంది. ఆకు వాడిపోకుండా అమ్మేవాళ్లు నీళ్లు చల్లుతూనే ఉంటారు, చల్లాలి కూడా, మన ఎండలకి అది లేకపోతే పది గంటలకల్లా కట్ట తలవాల్చేస్తుంది. కొనడానికి కట్ట సరైన లెక్కే, బేరం దాని మీదే జరుగుతుంది. వండటానికి మాత్రం కట్ట నుంచి మనకి మిగిలే ఆకు ఎంతో తెలియాలి.

ఇక్కడ తూకం మీద వచ్చే అభ్యంతరం కూడా న్యాయమైనదే. ఆకు మీద నీళ్లుంటే నీళ్లకి కూడా తూకం పడుతుంది, కాడలతో తూస్తే కాడలకి పడుతుంది. అందుకే ఉత్త "100 గ్రాముల కొత్తిమీర" అన్నది కూడా సగం మాటే. కాడలతోనా, ఒలిచిన ఆకా? కడగక ముందా, కడిగి ఆరాకా? "కొత్తిమీర 100 గ్రాములు, లేత కాడలతో, కడిగి నీళ్లు ఆరాక" అని రాస్తే అందులో ఇక సందేహం లేదు. ఒక్క ముక్క ఎక్కువ రాయడానికి బద్ధకించకూడదు.

మరి ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉండి వాడిన ఆకు సంగతి? కొత్తిమీరలో సుమారు 90 శాతం నీళ్లే. 100 గ్రాముల కట్ట వాడిపోయి 10 గ్రాముల నీళ్లు పోగొట్టుకుందనుకోండి, మన తూకంలో తప్పు పదో వంతు. అదే వాడిన ఆకుని కప్పులో వేస్తే మెత్తబడి ఒకదాని మీద ఒకటి పడిపోతుంది, తాజా ఆకు కంటే ఎంతో ఎక్కువ పడుతుంది. ఏ కొలతలోనైనా తప్పు వస్తుంది, ఒప్పుకుంటాను, కానీ పది శాతం తప్పుకీ మూడు రెట్ల తప్పుకీ తేడా ఉంది, పచ్చడి నోట్లో పెట్టుకుంటే తెలిసిపోయేంత తేడా.

అన్నిటికంటే ఎక్కువ ఈ తేడా తెలిసేది గోంగూర దగ్గర, గుంటూరు వాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు. అప్పటికప్పుడు చేసుకునే రోటి పచ్చడి అయితే కాస్త అటూ ఇటూ అయినా ఉల్లిపాయ ముక్కలు కలుపుకుని తినేస్తాం. నిల్వ పచ్చడి అలా కుదరదు. అందులో ఉప్పు, కారం, నూనె, చింతపండు అన్నీ ఆకు బరువుని బట్టి పడాలి. ఉప్పు తగ్గినా, ఆకులో తడి మిగిలినా, పైన నూనె నిలవకపోయినా బూజు పట్టేస్తుంది. అలాంటి పచ్చడికి ఒక వీడియోలో "ఎనిమిది కప్పుల గోంగూర, అర కప్పు ఉప్పు" అని చెప్పడం చూసి నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. గోంగూర ఆకు వెడల్పుగా, వేళ్లలా చీలి ఉంటుంది, కప్పులో అసలు పడుకోదు, నిలబడుతుంది. ఎనిమిది కప్పుల ఆకు ఒకరికి పావుకిలో రావచ్చు, అదిమి కొలిచినవాళ్లకి అరకిలో దాటవచ్చు. ఉప్పు మాత్రం ఇద్దరికీ అదే అర కప్పు. ఒకరి పచ్చడి నోట పెట్టలేనంత ఉప్పన, ఇంకొకరిది సగం ఉప్పుతో సరిపెట్టుకోవాలి. పైగా ఆ ఉప్పు కూడా ఏ ఉప్పు? సన్న ఉప్పు కప్పు దాదాపు 290 గ్రాములు తూగుతుంది, కల్లుప్పు పలుకుల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి అంతకంటే తక్కువ. అంటే రెండు కొలతలూ వదులే, రెండు తప్పులూ ఒకే వైపు పడితే ఆ జాడీ పారబోయడమే.

నేను గోంగూర రాసేటప్పుడు ఇలా రాస్తాను: ఎర్ర కాడదా, తెల్ల కాడదా ముందు చెప్పాలి, ఎర్రది ఎక్కువ పులుపు కాబట్టి చింతపండు లెక్క మారుతుంది. ఆకు ఒలిచి, కడిగి, పలచటి బట్ట మీద నీడన ఆరబెట్టి, చేత్తో పట్టుకుంటే తడి తగలనప్పుడు తూచాలి. ఆ తూకం మీదే మిగతా అన్నీ. ముందే తూచి తర్వాత కడిగితే ఏం పోయింది అంటారేమో, ఒలిచేటప్పుడు ఎంత తీసేస్తామో, పురుగు తిన్న ఆకు ఎంత పోతుందో కట్ట కట్టకీ మారుతుంది కదా. చివర మిగిలిన ఆకే నూనెలోకి వెళ్లేది, దాన్నే తూచాలి. నూనెలో పడ్డాక అది గుప్పెడంత అయిపోవడం చూసి కంగారుపడి ఇంకో కట్ట వేసేవాళ్లు ఉన్నారు, అది కూడా కంటితో కొలవడం వల్ల వచ్చే తొందరే.

కరివేపాకు కారం కూడా ఇదే దారి. కరివేపాకులో నీళ్లు కొత్తిమీర కంటే తక్కువ, సుమారు మూడింట రెండు వంతులు, అందుకే 100 గ్రాముల ఆకు ఎండాక కూడా మూడో వంతు బరువు మిగులుతుంది, పొడి బాగానే వస్తుంది. కొత్తిమీరని అలా ఎండబెడితే పదో వంతు మిగిలితే గొప్ప, ఆ వాసన కూడా గాల్లోకి పోతుంది. పచ్చి ఆకు మూడు చెంచాలకి ఎండు ఆకు ఒక చెంచా అనే సూత్రం ఒకటి తిరుగుతూ ఉంటుంది, అది పరిమాణంలో చెప్పిన లెక్క, బరువుకి వర్తించదు. మెంతికూరకి, దాని ఎండు రూపం కసూరీ మేథీకి ఏదో పనికొస్తుందేమో కానీ కొత్తిమీరకి ఆ సూత్రం అసలు వద్దు, ఎండినది పచ్చిదానికి బదులు కాదు.

ఇంతా చెప్పి, చారులోకి వేసే కరివేపాకుని కూడా తూచమంటానా అంటే అననే అనను. తాలింపుకి రెండు రెమ్మలు అంటే అంతకంటే మంచి కొలత లేదు, రెమ్మ చెట్టు ఇచ్చిన కొలత, అదిమితే తగ్గేది కాదు, తరిగితే పెరిగేది కాదు. పప్పు దించాక పైన చల్లే కొత్తిమీర ఎవరి ఇష్టం వాళ్లది. బిర్యానీలో పొరల మధ్య వేసే పుదీనా ఒక గుప్పెడు అటో ఇటో అయితే ఎవరూ పట్టించుకోరు. పైగా ఇంట్లో ఉండే కాటా ఒక గ్రాము మెట్లలో చూపిస్తుంది, నాలుగైదు గ్రాముల లోపు దాన్ని నమ్మడానికి లేదు. కాబట్టి ఆకు గుప్పెడు దాటి, గిన్నెలో అదే ప్రధానం అయినప్పుడే తూకం.

వంట పెద్దదయ్యే కొద్దీ ఈ విషయం ఇంకా బరువెక్కుతుంది. నలుగురికి రాసిన రెసిపీని వంద మందికి చేయాలంటే పాతికతో గుణిస్తాం. గ్రాములైతే గుణిస్తే అయిపోయింది. కప్పులని గుణించి పెద్ద బేసిన్‌తో కొలుద్దామంటే బేసిన్‌లో అడుగున ఉన్న ఆకు పైన ఉన్న ఆకు బరువుకే అణిగిపోతుంది, కాబట్టి పాతిక కప్పులు పట్టే బేసిన్‌లో పాతిక విడి కప్పుల కంటే ఎక్కువ ఆకు చేరుతుంది. ఫంక్షన్ల సరుకుల లిస్టులో కొత్తిమీర, పుదీనా కట్టల్లోనే రాస్తారు, అనుభవం ఉన్న వంట మాస్టర్ కట్ట చూసి తగ్గిస్తాడు, పెంచుతాడు. ఆయన లేని చోట, అపార్ట్‌మెంట్‌లో నలుగురు కలిసి వినాయక చవితికి పులిహోర, గోంగూర పచ్చడి చేసే చోట, ఒలిచిన ఆకు ఇన్ని కిలోలు అని లిస్టు మీద ఉంటే ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు.

కాటా కొనేటప్పుడు కిందికి ఒక గ్రాము దాకా చూపించేదీ, పైకి ఐదు కిలోల దాకా మోసేదీ అయితే ఇంటికి చాలు. గిన్నె పెట్టి, టేర్ అనే బటన్ నొక్కితే సున్నా వస్తుంది, అప్పుడు ఆకు వేయాలి. ఆకు కాటా అంచు దాటి గట్టు మీద ఆనకుండా చూసుకోవాలి, గోంగూర లాంటి పెద్ద ఆకులకి ఇది తరచుగా జరుగుతుంది, ఆనితే తూకం తక్కువ చూపిస్తుంది. లోతైన గిన్నె పెడితే ఆ ఇబ్బంది ఉండదు. రెసిపీలు రాసేవాళ్లు ఒక్కసారి, వాళ్లు ఎప్పుడూ వేసే గుప్పెడునే, ఎప్పుడూ వాడే కట్టనే, ఒలిచి ఆరబెట్టి ఆ గిన్నెలో వేసి వచ్చిన అంకె రాసిస్తే చాలు. వాళ్ల చేతి అంచనా ఏమీ మారక్కర్లేదు, చదివేవాళ్లకి అందితే సరిపోతుంది.